వెనక్కి జరిగిన కుర్చీలు

సింగపూర్లో ఆంగ్ మో కియో అనే పేటలో ఉన్న ఆ చైనా వాళ్ళ బడి గురించి ఎవర్నడిగినా గొంతు తగ్గించి ఒకటే మాట చెప్పేవాళ్ళు... పొద్దుగూకాక మేడ మీద చివరి గదికి పోవద్దని.

కాఫీ కొట్టు అంకుల్‌కి తెలుసు. బస్సు డ్రైవర్లకి తెలుసు. చుట్టూ ఉన్న ఫ్లాట్లలో మనవల్ని నిద్రపుచ్చే ముసలమ్మలకి మరీ బాగా తెలుసు. తెలియనిదల్లా మన రాజకుమారికే.

తెలిసినా వెళ్ళేదే అనుకోండి. ఆవిడ తీరే అంత. వద్దన్న పని చేసి చూపిస్తే గాని ఆవిడకి అన్నం సయించదు.

ఇప్పుడా బడి లేదు. కొట్టేసి ఫ్లాట్లు లేపారు. కథ మాత్రం మిగిలింది. ఇది నాకు ఇద్దరి నోట వచ్చింది. గదిలో జరిగింది రాజకుమారి చెప్పింది. కింద మెట్ల దగ్గర వినబడింది సింహాచలం చెప్పాడు. ఇద్దరూ వేరువేరుగా చెప్పినా ఒక్క ముక్క తేడా రాలేదు. ఒక్కరైనా కాస్త అటూ ఇటూ కలిపి చెప్పి ఉంటే నాకు హాయిగా నిద్రపట్టేది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని ప్రపంచమంతా బెంబేలెత్తిపోతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మనవాళ్ళు విమానాలెక్కి దేశదేశాలకీ పోయారు. అప్పట్లో సింగపూర్లో తెలుగువాళ్ళంటే రెండే రకాలు... కంప్యూటర్ల వాళ్ళు, కాంక్రీటు వాళ్ళు. రాజకుమారి మొగుడు గంగాధర్ మొదటి రకం. ఓ బ్యాంకులో పాత ప్రోగ్రాములు సరిచేసేవాడు. సింహాచలం రెండో రకం. శ్రీకాకుళం అవతల పల్లె నుంచి వచ్చి, భవనాలకి రంగులేసే మేస్త్రీ కింద పనిచేసేవాడు.

రాజకుమారి ఈ రెండు రకాల్లోనూ ఇమడలేదు. ఆవిడ ఇంగ్లీషు టీచరు. విజయనగరంలో గంపెడు పిల్లల్ని కనుచూపుతో కూర్చోబెట్టిన టీచరు. సింగపూర్ వచ్చాక ఆవిడ వీసా పాస్ మీద మాత్రం "డిపెండెంట్" అని రాశారు. ఒకరి మీద ఆధారపడ్డ మనిషి అని! ఆ మాట చూసినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

అందుకే ఆ చైనా బడిలో ఉద్యోగం ఉందని తెలియగానే జరీ అంచు నేత చీర కట్టుకుని వెళ్ళి కూర్చుంది. కూర్చుంది అన్నానా? అక్కడే తేడా వచ్చింది.

ప్రిన్సిపాల్ మిస్టర్ గో, డెబ్బైకి దగ్గరపడ్డ బక్కపల్చని మనిషి. ఆవిడ గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు. ఆ చీర వంక చాలాసేపు చూశాడు. ఆవిడ కూర్చుంది గాని, ఆయన కూర్చోలేదు. మాట్లాడినంతసేపూ బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉన్నాడు. కాసేపటికి ఆవిడే ఇబ్బంది పడి లేచింది.

"పొగరు! మనం తొందరగా పోవాలని అలా నిలబడతారు." ఇంటికొచ్చి మొగుడితో అంది.

"నడుం నొప్పేమో కుమారీ," అన్నాడు గంగాధర్.

ఉద్యోగమైతే ఇచ్చారు. పొద్దుటి పూట చిన్నపిల్లల క్లాసు. ఆవిడ అడుగు పెట్టగానే పిల్లలు కుర్చీలు వెనక్కి తోసి లేచేవాళ్ళు. "గుడ్ మార్నింగ్, టీ...చర్" అని పాటలా అనేవాళ్ళు. ఆవిడ "సిట్ డౌన్" అంటే గాని ఒక్కడూ కూర్చునేవాడు కాదు. విజయనగరంలోనూ అంతే, ఇక్కడా అంతే. ఎక్కడికొచ్చినా బడి బడేనని ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

నెల తిరిగేసరికి తల్లిదండ్రులు ఆఫీసు ముందు గుమిగూడారు. ఇంగ్లీషు టీచరంటే తెల్లగా ఉండాలి కదా, ఇన్ని డబ్బులు కడుతుంటే ఈ చీరావిడేమిటి, ఈవిడకి ఇంగ్లీషేం వచ్చు... ఇదీ వాళ్ళ గొడవ. ఎదురుగా ఆవిడ నిలబడి ఉండగానే అన్నారు. చైనీసులో అన్నారు గాని, ఆ మాటలు ఏ భాషలో అన్నా తెలిసిపోతాయి.

మిస్టర్ గో ఆవిణ్ణి పిలిచాడు. నిలబడే మాట్లాడాడు.

"టీచర్, పొద్దుటి క్లాసు ఆ ఆస్ట్రేలియా అబ్బాయికిద్దాం. మీకు సాయంత్రం బ్యాచి ఇస్తాను. పెద్దవాళ్ళు. చైనా నుంచి కొత్తగా వచ్చారు. మేడ మీద చివరి గది."

"ఆ అబ్బాయి టీచరు కాదు. ఊళ్ళు చూడ్డానికొచ్చి, దారి ఖర్చులకి పాఠాలు చెప్తున్నాడు."

"తెలుసు. ఈ బ్యాచి నడిపితే మీ ఉద్యోగం పర్మనెంట్. ఒక్క సాయంత్రం ఆగినా బ్యాచి మూసేస్తాం. మీరూ మానుకోవాల్సి ఉంటుంది."

అంటే ఏమిటి? వెళ్ళగొట్టడానికి మర్యాదైన దారి! రాజకుమారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని అక్కడే మింగేసి, "ఎప్పట్నుంచి?" అని మాత్రం అడిగింది.

"రేపే."

ఆ రేపు చైనా వాళ్ళ ఏడో నెలలో పడింది. ఆ నెలంతా చచ్చిపోయినవాళ్ళు ఆకలితో తిరుగుతుంటారని వాళ్ళ నమ్మకం. ఫ్లాట్ల కింద రేకు డబ్బాల్లో కాగితాలు తగలబెడతారు. గడ్డి మీద నారింజలు, అన్నం, ఊదొత్తులు పెడతారు. చీకటి పడ్డాక పిల్లల్ని బయటికి పోనివ్వరు.

బయల్దేరుతుంటే గంగాధర్ అన్నాడు, "పోనీ మానెయ్. మనకేం తక్కువని? ఇంట్లో ఉండు."

"ఇంట్లో ఉంటే నేనెవర్ని?"

"నా భార్యవి."

"పాస్ మీద అది రాయలేదు," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

బడి చేరేసరికి వెలుగు పోతోంది. కింద క్యాంటీన్లో ఆవిడ కొత్త విద్యార్థులందరూ ఉన్నారు. ఫ్యాక్టరీ అమ్మాయిలు, పిల్లల చదువు కోసం దేశం విడిచొచ్చిన తల్లులు. ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూర్చున్నారు. పుస్తకాలు సంచుల్లోనే ఉన్నాయి. మెయ్ లింగ్ అనే ఆవిడ లేచి, వచ్చీరాని ఇంగ్లీషులో గుసగుసగా అంది.

"టీచర్... ఈ నెల నో గుడ్. ఆ గది నో గుడ్."

"వేరే గదుల్లో రంగులేస్తున్నారమ్మా. ఉన్నది అదొక్కటే."

"ముందు ఒక టీచర్ వెళ్ళింది. పారిపోయింది. ఆస్ట్రేలియా టీచర్ వెళ్ళాడు. బ్యాగ్ వదిలేసి పారిపోయాడు. మళ్ళీ మేడ ఎక్కలేదు."

"నేను పారిపోను. ఏడు గంటలకి క్లాసు మొదలవుతుంది. వచ్చేవాళ్ళు రండి."

ఎవరూ కదల్లేదు. ఆవిడ ఆగలేదు.

మెట్ల మొదట్లో సింహాచలం రంగు డబ్బాలు సర్దుకుంటున్నాడు. తెలుగు మొహం కనబడిందన్న సంబరంతో ఆవిణ్ణి రోజూ "అమ్మా" అని పలకరించేవాడు. ఆ రోజు పలకరింపులో భయం వినబడింది.

"అమ్మా... ఆ గదికేనా ఎల్తన్నారు?"

"ఆ గదికే. ఏం, నువ్వూ చూశావా దెయ్యాన్ని?"

"సూడ్లేదమ్మా. మొన్న నానే ఆ గదికి రంగేసినాను. కుర్సీలన్నీ బల్లల కిందికి తోసి, తాళమేసొచ్చినాను. పొద్దున్న సూస్తే... అన్నీ ఎనక్కి జరిగిపోయున్నాయి. ఒక్కటి కాదమ్మా, అన్నీ. ఒక్కలాగ."

"గాలికేమో."

"కిటికీలు మూసినాను గదమ్మా."

"పిల్లులేమో."

"అన్ని పిల్లులేటమ్మా!"

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ రోజు ఆవిడ నవ్వింది అదొక్కసారే.

"తోడు రా మరి."

"ఎల్రండమ్మా మీరు. నానిక్కడ కాపలా ఉంటాను." అని చీపురు పట్టుకుని, ఆంజనేయస్వామిని తలుచుకుంటూ మెట్టు మీద కూలబడ్డాడు.

ఆవిడ మెట్లెక్కింది.

పైన వరండా పొడుగ్గా ఉంది. రంగు వాసన. కింద తగలబెట్టిన కాగితాల పొగ వాసన. ఒక్క గదిలోనూ దీపం లేదు. ఆవిడ చెప్పుల చప్పుడు ఆవిడకే పెద్దగా వినబడుతోంది. ఆ చప్పుడు తగ్గించకూడదని కావాలనే గట్టిగా అడుగులేసిందట!

చివరి గది తలుపు తోసింది. చేత్తో తడిమి స్విచ్చు వేసింది. ట్యూబులైట్లు రెండుసార్లు మిణుకుమని వెలిగాయి.

ఏముంది? మామూలు గది. చెక్క బల్లలు, ఇనుప కాళ్ళ కుర్చీలు. అన్నీ బల్లల కిందికి తోసి బుద్ధిగా ఉన్నాయి. కొత్త సున్నపు గోడలు. పచ్చ బోర్డు. వెనక వరసలో కిటికీ. కిటికీ అవతల ఫ్లాట్ల దీపాలు.

"ఇంతేనా!" అంది పైకే.

ఎవరూ లేరు. ఎవరూ రారని ఆవిడకీ తెలుసు. అయినా క్లాసు జరిగిందని అనిపించుకోవాలి. సంచి బల్ల మీద పెట్టింది. చాక్‌పీసు తీసింది. గదికి వీపు పెట్టి, బోర్డు మీద తేదీ రాయడం మొదలెట్టింది.

అప్పుడు...

వెనకాల ఒక్కసారిగా... గర్ర్ర్ర్... మని గదంతా గీసుకున్నట్టు చప్పుడు.

చెయ్యి ఆగిపోయింది. చాక్‌పీసు విరిగింది.

ఒక కుర్చీ కాదు. రెండు కాదు. గది నిండా ఉన్న కుర్చీల కాళ్ళు సిమెంటు నేల మీద ఒకేసారి వెనక్కి జరిగిన చప్పుడది. ఆ తర్వాత... నిశ్శబ్దం. ఖాళీ గదిలో ఉండే నిశ్శబ్దం కాదు. చాలామంది ఊపిరి బిగబట్టి నిలబడితే ఉండే నిశ్శబ్దం.

ఆవిడ మెల్లగా తిరిగింది.

ఎవరూ లేరు. కుర్చీలన్నీ బల్లలకి దూరంగా, ఒకే వరసలో వెనక్కి జరిగి ఉన్నాయి. ప్రతి బల్లకీ కుర్చీకీ మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా ఉంది.

బల్ల పట్టుకుంది. తలుపు నాలుగడుగుల్లో ఉంది. పరిగెత్తితే అయిపోతుంది. కింద సింహాచలం ఉన్నాడు. రైలెక్కితే ఇల్లు. ఇంట్లో గంగాధర్ ఉన్నాడు. రేపట్నుంచి ఉద్యోగం ఉండదు. పాస్ మీద రాసిందే నిజమవుతుంది.

ఆ ఆలోచనతో భయం కన్నా కోపం ముందొచ్చింది. కోపంతో పాటు ఇంకోటీ వచ్చింది.

ఆ చప్పుడు ఆవిడకి తెలుసు!

పారిపోయిన ఆ ఆస్ట్రేలియా అబ్బాయికి అది దెయ్యాల చప్పుడు. అంతకుముందు వెళ్ళినావిడకీ అంతే కాబోలు. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ చప్పుడు వింటూ బతికిన రాజకుమారికి మాత్రం అది ఇంకేదీ కాదు. టీచరొచ్చిందని క్లాసు లేచి నిలబడ్డ చప్పుడది.

లేచి నిలబడ్డ క్లాసు ముందు టీచరేం చేస్తుంది? ఆవిడ ఆలోచించలేదు. నోరు తనంతట తనే అలవాటు మాట అనేసింది.

"గుడ్ ఈవెనింగ్, క్లాస్."

బదులు లేదు. ఆ బిగబట్టిన ఊపిరి ఇంకా అలాగే ఉంది. మొండికేసిన పిల్లలుంటారే, లేస్తారు గాని నోరు విప్పరు... అలా ఉందట.

"సరే, మీ ఇష్టం. సిట్ డౌన్."

అనేసి చటుక్కున బోర్డు వైపు తిరిగిపోయింది. చూసే ధైర్యం లేదని ఆవిడే ఒప్పుకుంది. వెనకాల ఒక కుర్చీ కదిలింది... ఇంకోటి... ముందు వరసలో రెండు... తర్వాత ఎడాపెడా, తోసుకుంటూ, గదంతా. చివరికి ఎక్కడో మూలన ఓ కుర్చీ ఆలస్యంగా సర్దుకుంది. ఎవరో ఎన్నాళ్ళకో నడుం వాల్చినట్టు, గదంతా ఒక పొడుగాటి నిట్టూర్పు నిండింది.

తిరిగి చూస్తే కుర్చీలన్నీ బల్లలకి దగ్గరగా ఉన్నాయి. ఒక్కటి తప్ప. వెనక వరసలో, కిటికీ పక్క కుర్చీ ఒక్కటీ వెనక్కే ఉండిపోయింది.

"నీకు వేరే చెప్పాలా? సిట్ డౌన్," అంది ఆవిడ.

అది కదల్లేదు.

అప్పుడు రాజకుమారి చేసిన పని చెప్తే మీరు నమ్మరు. పాఠం చెప్పింది! మొదటి పాఠం. 'నా పేరు ఇది, మీ పేరేమిటి.' బోర్డు మీద రాసింది. ఒక్కో మాటా పలికి, పలకండని ఆగింది. ఎవరూ పలకలేదు. పలకనందుకు లోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది. అయినా ఆగింది, అయినా చెప్పింది. చెమటకి రవిక తడిసి వీపుకి అంటుకుపోయింది. గడియారంలో ముల్లు క్లాసు అయిపోయే చోటికి వచ్చేదాకా వదల్లేదు. ఆ తర్వాత బోర్డు తుడిచి, సంచి తీసుకుని, పరిగెత్తకుండా నడిచి బయటికొచ్చింది.

వరండాలోకి వచ్చాక పరిగెత్తింది. అది కూడా చెప్పింది నాకు.

మెట్ల కింద సింహాచలంతో పాటు మిస్టర్ గో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం కాగితంలా పాలిపోయి ఉంది.

"క్లాస్ అయిందా, టీచర్?"

"అయింది. ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. బ్యాచి మూసేయడానికి వీల్లేదు."

"వాళ్ళు..." ఆయన గొంతు తగ్గించాడు. "వాళ్ళు లేచారా?"

రాజకుమారి అక్కడే ఆగిపోయింది.

"అంటే... మీకు తెలుసా?"

ఆయన తలవంచుకున్నాడు.

"తెలిసే పైకి పంపారా నన్ను?"

"తెలిసే."

"ముందే చెప్పాలని లేదా మీకు!"

"మొదటి టీచర్‌కి చెప్పాను. ఆ రోజే మానేసింది."

సింహాచలానికి ఇంగ్లీషు సగమే తెలుసు గాని, ఆ పెద్దాయన్ని ఆవిడ చెంపదెబ్బ కొడుతుందేమోనని భయపడ్డాడట. అప్పుడు ఆయన, గోడ పట్టుకుని, ఆగి ఆగి చెప్పాడు.

జపాన్ వాళ్ళ యుద్ధం ముగిసి బళ్ళు మళ్ళీ తెరిచిన రోజులు. మీసాలొచ్చిన కుర్రాళ్ళు చిన్నపిల్లల పాఠాలకి కూర్చున్నారు. బడిలో అంతా చైనీసే. ఇంగ్లీషు చెప్పడానికి మద్రాసు వైపు నుంచి మిస్ జేకబ్ అని ఒకావిడ వచ్చింది. ఆవిడా చీరే కట్టేది. తెల్లదొరల భాష మాకెందుకని క్లాసంతా పంతం పట్టింది. ఒకరోజు ఆవిడ రాగానే అందరూ లేచారు. లేవకపోతే తప్పు. ఆవిడ "గుడ్ మార్నింగ్" అంది. ఒక్కరూ బదులివ్వలేదు. మళ్ళీ అంది. మళ్ళీ ఇవ్వలేదు.

"ఆవిడకి కోపమొచ్చింది. నేను తిరిగొచ్చేదాకా ఎవరూ కూర్చోకూడదని చెప్పి, హెడ్‌మాస్టర్ కోసం కిందికి దిగింది. ఈ మెట్ల మీదే... పడిపోయింది. మళ్ళీ లేవలేదు."

రాజకుమారి తను నిలబడ్డ మెట్టు వైపు చూసుకుని, ఓ అడుగు కిందికి దిగింది.

"మేం పైన నిలబడే ఉన్నాం. గంట కొట్టారు. ఇంకో గంట కొట్టారు. ఎవరో వచ్చి ఇంటికి పొమ్మన్నారు. పోయాం. కానీ, టీచర్... కూర్చోమని ఎవరూ అనలేదు."

క్యాంటీన్ వైపు నుంచి కాగితాల పొగ వచ్చింది.

"మా క్లాసు వాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. యుద్ధం చూసిన ఒళ్ళు, తిండి లేక పెరిగిన ఒళ్ళు. ఒకరు పోయినప్పుడల్లా పైన ఒక కుర్చీ జరగడం మొదలయ్యేది. ఎవరూ చావుకబురు చెప్పక్కర్లేదు... పొద్దున్నే వెళ్ళి చూస్తే తెలిసేది. గుమ్మం దాటి లోపలికి మాత్రం నేనెప్పుడూ పోలేదు. నిరుటికి అన్నీ జరిగాయి. ఒక్కటి తప్ప."

"కిటికీ పక్కది," అంది రాజకుమారి మెల్లగా.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"అది నాది. ఈ నెల నుంచి అదీ జరుగుతోంది."

డాక్టరు ఆయనకేం చెప్పాడో ఆవిడ అడగలేదు. అడగక్కర్లేకపోయింది. ఇంగ్లీషు టీచర్ ఎదురుగా ఉంటే ఆయన మోకాళ్ళు వంగవట. ఆఫీసులో ఎంతమంది కూర్చోమన్నా కూర్చోలేకపోయాడు. ఆ మాట ఆ గదిలోనే అనాలి, టీచరే అనాలి. అనగల టీచరు కోసమే తెల్లవాళ్ళని పెట్టాడు, వాళ్ళనీ వీళ్ళనీ పెట్టాడు. అందరూ కుర్చీల చప్పుడికే పారిపోయారు.

"మిమ్మల్ని ఆ చీరలో చూడగానే అనుకున్నాను... మీరైతే అంటారని."

రాజకుమారికి జాలేసింది. కోపం పోయిందా అంటే, పోలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పంతమంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఒక పూట పట్టిన పంతం బతుకంతా మనిషిని నిలబెట్టేస్తుందని మాత్రం ఆ మెట్ల దగ్గరే తెలిసింది.

"పైకి వస్తాను. ముందు ఒక మాట చెప్పండి. పొద్దుటి పిల్లల క్లాసు నాకు తిరిగి ఇస్తారా?"

"ఆ తల్లిదండ్రులతో మాట్లాడి..."

"మాట్లాడటం కాదు. ఇస్తారా, ఇవ్వరా? వాళ్ళు చూసింది నా చీర. నేనేం చెప్పగలనో మీకు ఈ రాత్రి తెలిసింది."

ముసలాయన నిటారుగా నిలబడ్డాడు. "ఇస్తాను. ఎవరొచ్చి అరిచినా ఇస్తాను."

"పదండి."

సింహాచలం ఈసారి కూడా తోడు రాలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉన్నాడు.

మిస్టర్ గోకి ఆ వరండా దాటడం చాలా కష్టమైంది. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆవిడ చెయ్యి అందించింది. ఆ చెయ్యి మంచులా ఉందట. గుమ్మం దగ్గర ఆయన చెయ్యి వదిలేసి, ముందు వరస పక్క నుంచి, ఎవరికీ తగలకూడదన్నట్టు ఒద్దికగా ఒరుసుకుంటూ, వెనకదాకా నడిచాడు. కిటికీ పక్క కుర్చీకీ బల్లకీ మధ్య జాగాలో నిలబడ్డాడు. చేతులు రెండు పక్కలా ఆనించుకున్నాడు. అంత వయసు మనిషీ ఒక్క క్షణంలో బడిపిల్లాడైపోయాడు.

రాజకుమారి బోర్డు ముందు నిలబడింది. చీర కొంగు నడుముకి దోపుకుంది. విజయనగరంలో ఎలా నిలబడేదో అలాగే.

"సిట్ డౌన్, మిస్టర్ గో."

ఆయన మోకాళ్ళు మెల్లగా వంగాయి. ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేత్తో కుర్చీ వెనకాల తడుముకుని, కూర్చున్నాడు. కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు ఎగసెగసి పడ్డాయి.

రాజకుమారి ఇంక వెళ్దామని నోరు తెరవబోయింది.

అప్పుడు వినబడింది.

"గుడ్ మా...ర్నింగ్... టీ...చర్..."

ముందు వరస నుంచి. మధ్య వరసల నుంచి. గది నిండా. మీసాలొచ్చిన కుర్రాళ్ళ గొంతులు, కొత్త భాష నోరు తిరక్క పాటలా సాగదీసే గొంతులు. కిటికీ బయట చిమ్మచీకటి, లోపల గుడ్ మార్నింగ్.

కింద మెట్ల దగ్గర సింహాచలం ఒళ్ళోంచి రంగు డబ్బా దొర్లిపోయింది. క్యాంటీన్లో ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

పైన మాటలు ఆగిపోయాయి. ఫ్యాను తిరుగుతున్న చప్పుడొక్కటే మిగిలింది. మిస్టర్ గో చేతులు తీసి, తడిసిన మొహంతో టీచర్ వంక చూశాడు. అప్పటిదాకా మూసి ఉన్న పెదవులు విడివడ్డాయి.

"గుడ్ మార్నింగ్, టీచర్," అన్నాడు, ఒక్కడే.

రాజకుమారి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"మీరొక్కరే లేటు, మిస్టర్ గో. మిగతా వాళ్ళందరూ చెప్పేశారు."